పిల్లాడు తనంతట తనే వేసుకునే బట్టలు: ఒక కుట్టు డైరీ

కార్తీకం చివర

మాఘమాసంలో పెద్దాడికి పంచెల ఫంక్షన్ చేద్దామని ఇంట్లో అందరూ ఒక మాటకొచ్చారు. వాడికి ఏడో ఏడు నడుస్తోంది, మా వైపు బేసి ఏటే చేస్తారు. పట్టుపంచె మేనమామ తేవాలి కాబట్టి అది మా తమ్ముడి వంతు. మిగతావన్నీ ఇంట్లోనే కుడతానని నేను పట్టుబట్టాను. పెద్దాడికి ఒక లాల్చీ, పట్టుపంచె విప్పేశాక కట్టుకోవడానికి ఒక నూలు పంచె, రోజువారీకి నిక్కర్లు. నాలుగేళ్ళ చిన్నాడికీ అవే, వాటితోపాటు ఎండకు ఒక టోపీ, గోలీలు వేసుకోవడానికి ఒక సంచి. అన్నకు ఏది కుడితే వాడికీ అది ఉండాలి, లేకపోతే ఊరుకోడు.

ఇంత పని నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఫంక్షన్ ఒక్కటే కాదు. చిన్నాడు ఈ ఏడే బడికి వెళ్తున్నాడు. షాపుల్లో వాడి వయసు మగపిల్లలకి దొరికేవి ఎక్కువగా పెద్దవాళ్ళ ప్యాంట్లను కుదించి కుట్టినట్టే ఉంటాయి. నడుం దగ్గర ఇనుప గుండీ, దాని కింద జిప్పు, మోకాలు మడిస్తే బిగుసుకుపోయే మందపాటి బట్ట. నాలుగేళ్ళ వేళ్ళకి ఆ గుండీ లొంగదు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఆయమ్మ కోసం ఎదురు చూడాలి. అందాకా ఆగలేక తడుపుకుంటే వాడికి ఆ రోజంతా సిగ్గు. తప్పు గుండీదైతే చిన్నబోయేది పిల్లాడు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

అందుకని ఈసారి ఒకే నియమం పెట్టుకున్నాను. కుట్టే ప్రతిదీ పిల్లాడు తనంతట తనే వేసుకోవాలి, తనంతట తనే విప్పుకోవాలి. అందం ఆ తర్వాత చూసుకుందాం.

మిషన్ అత్తయ్యగారిది, కాళ్ళతో తొక్కే నల్ల మిషన్. తోలు బెల్టు సాగి జారుతోందని కొత్తది వేయించాం. నూనె పోసి, పాత గుడ్డ మీద ఖాళీగా కాసేపు తొక్కితే లోపలున్న నలుపంతా దిగింది. కరెంటు మిషన్ కంటే ఇదే నాకు ఇష్టం. చిన్న బట్టల్లో మలుపులు ఎక్కువ, మెడ గుండ్రం తిప్పేటప్పుడు ఒక్కో కుట్టు ఆగి ఆగి వేసుకోవచ్చు. నూలు బట్టకి 14 నంబరు సూది, పల్చటి బట్టకి 11. అంగుళానికి పది పన్నెండు కుట్లు పడేలా పెట్టుకున్నాను. అంతకంటే దూరంగా పడితే పిల్లల ఆటలకి కుట్టు ఆగదు.

మార్గశిరం, బట్ట కోసం

మంగళగిరి వెళ్ళి వచ్చాం. మా తెనాలి నుంచి దూరమేమీ కాదు. గుంట మగ్గాల మీద నేసే ఆ నూలు బట్టకి ఒక గుణం ఉంది. మధ్యలో బుటాలూ బొమ్మలూ ఉండవు, బట్టంతా సాదాగా, గట్టి నేతతో ఉంటుంది. అందం మొత్తం అంచులోని నిజాం బోర్డరు జరీలోనే ఉంటుంది. పిల్లల బట్టలకి నాకు ఇంతకంటే మంచిది కనపడలేదు. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, చెమట పీలుస్తుంది, నేత దగ్గరగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ దగ్గర త్వరగా చిరగదు. చిన్నాడికి మామిడిపిందె రంగు, పెద్దాడికి గోధుమ రంగు లాల్చీ బట్టలు తీసుకున్నాను. పంచెల కోసం పెద్దవాళ్ళ సైజు నూలు పంచె ఒక్కటి తీసుకున్నాను. ఒక్కదాంట్లో ఇద్దరికీ ఎలా వస్తుందో కింద రాస్తాను.

టోపీకీ జేబులకీ పెడన కలంకారీ ముక్కలు ఇంట్లోనే ఉన్నాయి, నా పాత చీర జాకెట్టులో మిగిలినవి. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద చెక్క అచ్చులతో అద్ది, పారే కాలువ నీళ్ళలో ఉతికి తీసే పని అది. అందులో నలుపు, తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో నానబెట్టి తీస్తారు. ఇది చెప్పినప్పటి నుంచీ పెద్దాడు పెరట్లో ఒక డబ్బాలో మేకులు వేసి బెల్లం ముక్క కోసం వంటింటి చుట్టూ తిరుగుతున్నాడు.

శ్రీకాకుళంలో ఉండే మా పిన్ని పొందూరు ఖద్దరు ముక్క ఒకటి పంపింది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, అంత సన్నని నూలు చేత్తో వడికి నేసే బట్ట. ఇద్దరిలో ఎవరికి కుట్టాలా అని ఆలోచించి మామయ్యగారి చొక్కాకి తీసిపెట్టాను. మట్టిలో దొర్లే వయసుకి అది వద్దు.

అసలు విలువైన బట్ట ఇంకొకటి ఉంది, మామయ్యగారి పాత పంచెలు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయ్యాయి. మెడ లోపలి పట్టీలకీ జరీ వెనక లైనింగ్‌కీ అవే వాడతాను. పుట్టిన పిల్లల్ని మొదట చుట్టేది కూడా ఇలాంటి పాత పంచెల్లోనే కదా, చర్మం ఒరుసుకోకూడదనే.

తడిపి ఆరబెట్టడం

ఇది రాయడానికి పెద్దగా ఏముంటుంది అనిపిస్తుంది కానీ, ఇంట్లో కుట్టిన బట్ట రెండో ఉతుకుకే పొట్టి అయిపోయిందని బాధపడేవాళ్ళందరికీ కారణం ఇక్కడే ఉంటుంది. కొత్త నూలు బట్టకి గంజి ఉంటుంది, నేతలో లాగి పట్టిన బిగువు ఉంటుంది. నీళ్ళు తగలగానే ఆ బిగువు వదిలి బట్ట దగ్గరవుతుంది. ఎంత తగ్గుతుందో ముందే తెలుసుకోవడానికి ఒక మూల పెన్సిలుతో నిలువునా అడ్డంగా పదేసి అంగుళాలు కొలిచి గీతలు గీశాను. రాత్రంతా నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి మళ్ళీ కొలిస్తే నిలువు గీత తొమ్మిదిన్నర అయింది. అడ్డం దాదాపు అలాగే ఉంది. అంటే పొడవులో ఇరవై అంగుళాలకి ఒక అంగుళం పోతుంది. తడపకుండా కుట్టి ఉంటే చిన్నాడి లాల్చీ ఫంక్షన్ నాటికే నడుం మీదకి ఎక్కేది.

రంగు దిగుతుందేమో చూడటానికి తడి బట్ట మీద తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దాలి. మామిడిపిందె రంగు దిగలేదు. కలంకారీ ఎరుపు కొంచెం దిగింది. దాన్ని విడిగా మళ్ళీ రెండుసార్లు ఉప్పు నీళ్ళలో ఉంచి ఉతికాక నీళ్ళు తేటగా వచ్చాయి.

కొలతలు

నాలుగేళ్ళ పిల్లాణ్ణి టేపుతో కొలవాలంటే వాడు నిలబడాలి. చిన్నాడు నిలబడడు. వాడికి సరిపోయే పాత చొక్కాని న్యూస్ పేపరు మీద పరిచి చుట్టూ గీసుకుని, ఛాతీ, నడుం, తల మాత్రం వాడు అన్నం తినేటప్పుడు కొలిచాను. ఛాతీ 22, నడుం 21, తల చుట్టూ 20న్నర అంగుళాలు. ఈ వయసులో తల చుట్టుకొలతకీ ఛాతీకీ పెద్ద తేడా ఉండదు. పెద్దవాళ్ళ చొక్కాలు కుట్టే అలవాటుతో మెడ కత్తిరిస్తే పిల్లాడి తల దూరదు.

లెక్క ఇలా వేసుకున్నాను. మెడ గుండ్రం 12 అంగుళాలు. ముందు చీలిక 5 అంగుళాలు పెడితే తెరిచినప్పుడు రెండు వైపులా కలిపి 10. మొత్తం 22. తల 20న్నర కాబట్టి చెవులు ఒరుసుకోకుండా దిగుతుంది. చీలిక 4 చేస్తే మొత్తం 20, తల పట్టదు. బట్టలు తొడుగుతుంటే పిల్లలు ఏడ్చేది ఎక్కువగా తల ఇరుక్కున్నప్పుడే. వెలుతురు పోతుంది, ముక్కు నలుగుతుంది, ఆ భయం మనసులో ఉండిపోతుంది. తర్వాత ఏది తొడగబోయినా పారిపోతారు. ఒక్క అంగుళం అటూ ఇటూ పెద్ద విషయమే.

పెద్దాడి ఛాతీ 25, లాల్చీ పొడవు 28. చిన్నాడిది పొడవు 22. ఈ వయసులో పిల్లలు ఏడాదికి రెండు, రెండున్నర అంగుళాలు పెరుగుతారు. అందుకని కింద మడతలో రెండంగుళాలు దాచిపెడుతున్నాను. అది విప్పడం తేలిక కావాలని ఆ ఒక్క చోటా చేతికుట్టే.

ధనుర్మాసం, లాల్చీలు

తెల్లవారుజామున ముగ్గు వేసి వచ్చాక పిల్లలు లేచేదాకా దొరికే సమయం నాది. ఆ చలిలో చేతులు కాసేపు మొద్దుబారినా ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది, కత్తెర పనికి అదే మంచిది.

లాల్చీకి పాత పద్ధతి కోతే తీసుకున్నాను. అన్నీ నలుపలకల ముక్కలే, కత్తెర గుండ్రంగా తిరిగేది మెడ దగ్గర మాత్రమే. ముందు భాగం, వెనక భాగం ఒకే పొడవాటి ముక్క. భుజం మీద మడత వస్తుంది, కుట్టు ఉండదు. బడి సంచీ పట్టీ ఒరుసుకునేది సరిగ్గా అక్కడే కాబట్టి కుట్టు లేకపోవడం మంచిది. చిన్నాడి ఛాతీ 22కి ఆరంగుళాల లూజు కలిపితే 28. సగం 14, రెండు పక్కలా కుట్టుకి అరేసి అంగుళం, మొత్తం 15 వెడల్పు. పొడవు కింద మడతతో కలిపి 24, ముందూ వెనకా 48. చేతులు కూడా సాదా పలకలే.

ఇందులో ముఖ్యమైనది చంక కింద పెట్టే మూడంగుళాల చదరపు ముక్క. చేతినీ ఒంటినీ నేరుగా కలిపి కుట్టేస్తే పిల్లాడు చెయ్యి పైకెత్తగానే లాల్చీ మొత్తం పైకి లేస్తుంది, చంకలో కుట్టు పిగులుతుంది. ఈ చదరపు ముక్కని మూల మీదుగా పెడితే, అది ఏటవాలుగా సాగి చెయ్యికి చోటిస్తుంది. జామచెట్టు కొమ్మ పట్టుకుని వేలాడినా బట్ట కదలదు. మన పాతకాలం కుట్టుపనివాళ్ళు బట్ట వృథా కాకూడదని వాడిన ఈ కోత పిల్లల ఒంటికి ఎంత హాయో కుట్టినప్పుడల్లా తెలుస్తుంది. ఇప్పటి రెడీమేడ్ కోతల్లో ఇది దాదాపు కనపడకుండా పోయింది, అది నాకు వెలితిగానే ఉంది.

ఆ ముక్క కుట్టేటప్పుడు మూలలు సరిగ్గా కలవడమే కష్టం. ముందు కచ్చా కుట్టు వేసుకుని, మిషన్ మీద మూల దాకా వచ్చి సూది బట్టలోనే ఉంచి, పాదం ఎత్తి బట్ట తిప్పాలి. మూలని దాటి ఒక్క కుట్టు కూడా పోకూడదు.

లోపలి అంచులన్నీ మూసేశాను. పోగులు ఊడకుండా అంచు మీద చుట్టే ఓవర్‌లాక్ దారం కొందరు పిల్లలకి దురద పెడుతుంది, మా చిన్నాడు గోక్కుని ఎర్రగా చేసుకుంటాడు. అందుకని బట్ట తిన్నవైపు బయటికి ఉండగానే మొదటి కుట్టు పావంగుళంలో వేసి, అంచు సగానికి కత్తిరించి, తిరగేసి మళ్ళీ కుట్టాను. అంచు రెండు కుట్ల మధ్య దాక్కుంటుంది. లోపల తడిమితే ఒక పోగు కూడా తగలదు.

జరీ బోర్డరు ఒంటికి తగిలితే వద్దంటాడని ముందే తెలుసు. బోర్డరుని అంచు నుంచి విడదీసి, ముందు పట్టీకీ చేతుల చివరకీ పైవైపు మాత్రమే వేశాను. వెనక మామయ్యగారి పంచె లైనింగ్. కాలర్ పెట్టలేదు. బక్రమ్, అంటే గట్టిగా నిలబడటానికి లోపల పెట్టే బిరుసు గుడ్డ, వేసిన కాలరు ఫొటోలో బాగుంటుంది, పిల్లాడి గడ్డం కింద మాత్రం గట్టిగా గుచ్చుకుంటుంది. ఇద్దరికీ గుండ్రటి మెడే, ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ పట్టీతో.

పక్క చీలికల పైమూల దగ్గర చిన్న త్రికోణం ముక్క వేశాను. పరిగెత్తినప్పుడు చిరిగేది అక్కడి నుంచే.

గుండీలు, కాజాలు

చొక్కా గుండీ మామూలుగా పదకొండు మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్నాడి చేతికి అది దొరకదు. కొబ్బరిచిప్పతో చేసిన పదిహేను మిల్లీమీటర్ల గుండీలు తెచ్చాను. కొంచెం గరుకుగా ఉండి వేలికి పట్టు ఇస్తాయి. కాజా పొడవు గుండీ వెడల్పు కంటే దాని మందమంత ఎక్కువ ఉంటే చాలు. అంతకంటే పెంచితే ఆడుకునేటప్పుడు ఊడిపోతుంది.

కాజాలు నేనే చేత్తో కుట్టాను. బజార్లో కాజా మిషన్ వాళ్ళు నిమిషంలో వేసిస్తారు, బాగానే వేస్తారు. కానీ పిల్లల బట్టకి చేతి కాజా అంచు మెత్తగా ఉండి గుండీ సులువుగా జారుతుంది. గుండీ కుట్టేటప్పుడు బట్టకీ గుండీకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల తీసేసి, మిగిలిన దారాన్ని ఆ ఖాళీలో చుట్టాలి. గుండీ బట్టకి కొంచెం ఎడంగా నిలబడుతుంది, చిన్న వేళ్ళు దాని వెనక్కి వెళ్ళగలుగుతాయి. కుట్టాక గట్టిగా లాగి చూడాలి. ఊడే గుండీ నోట్లోకి పోతుంది, గొంతులో అడ్డం పడుతుంది. నాలుగేళ్ళ వాడికి ఆ ప్రమాదం ఇంకా పోలేదు.

పెద్దాడు గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నది పై నుంచి కిందికి. చిన్నాడికి కింద నుంచి పైకి నేర్పుతున్నాను. కింది గుండీ కంటికి కనపడుతుంది, మెడ దగ్గరిది కనపడదు. కనపడేదానితో మొదలుపెడితే చెయ్యికి వాటం తెలుస్తుంది.

నిక్కర్లు

ఇవి నేను అన్నిటికంటే ఇష్టంగా కుట్టినవి, ఎవరూ ఫొటో తీయనివి కూడా. పిల్లాడు రోజంతా ఉండేది వీటిలోనే.

జిప్పు లేదు, హుక్కు లేదు, బొందు లేదు. నడుంకి అంగుళం వెడల్పు ఎలాస్టిక్. నడుం 21 అయితే ఎలాస్టిక్ 19 తీసుకున్నాను. ఇంకా తగ్గిస్తే పొట్ట మీద ఎర్రటి గీత పడుతుంది. ఎలాస్టిక్ లోపల మెలిపడకుండా నడుం చుట్టూ మధ్యలో ఒక వరస కుట్టు, కుట్టేటప్పుడు ఎలాస్టిక్‌ని సాగదీసి పట్టుకోవాలి. వెనక భాగం ముందు కంటే ఒకటిన్నర అంగుళం ఎత్తు కత్తిరించాను. పిల్లలు వంగినా కూర్చున్నా వెనక జారేది ఆ ఎత్తు లేకనే.

కాళ్ళ మధ్య నాలుగంగుళాల చదరపు ముక్క పెట్టాను, లాల్చీ చంకలో పెట్టిన లెక్కే. నాలుగు కుట్లూ ఒకే చోట కలిసి గుత్తిలా అయ్యే బదులు విడిపోతాయి. ఒరిపిడి తగ్గుతుంది, కాళ్ళు ఎంత చాపినా పిగలదు. కుట్టడం అవగానే చిన్నాడికి తొడిగి గొంతుక్కూర్చోమన్నాను. కూర్చుని, అక్కడే ఉన్న చీమల బారు చూస్తూ లేవడమే మరిచిపోయాడు. సరిపోయిందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

ముందేదో వెనకేదో తెలియడానికి వెనక నడుంపట్టీ లోపల ఎర్ర దారంతో చిన్న గుర్తు కుట్టాను. “ఎర్రది వీపు వైపు” అని ఒకసారి చెబితే పట్టేశాడు. మర్నాడు పొద్దున్న నేను పొయ్యి దగ్గర ఉంటే వచ్చి, “అమ్మా, నేనే వేసుకున్నా, ఎర్రది వెనకే ఉంది చూడు” అన్నాడు. నిజంగానే వెనకే ఉంది.

జేబులు రెండు పక్కలా, ఐదేసి అంగుళాల లోతు. మగపిల్లల జేబులో ఏముంటాయో ఉతికేవాళ్ళకి తెలుసు. రాళ్ళు, చింతగింజలు, విరిగిన పెన్సిలు. ఆ బరువు ఆగేలా జేబుబట్ట రెండు పొరలు వేసి, నోటి మూలల్లో చిన్న త్రికోణంలా కుట్టాను. జేబు లోపలివైపు కలంకారీ. బయటికి కనపడదు, చెయ్యి పెట్టినప్పుడు వాడికి మాత్రమే కనపడుతుంది.

భోగికి ముందు, టోపీ

భోగి రోజు చిన్నాడికి భోగిపళ్ళు పోస్తాం, ఆ తర్వాత మూడు రోజులూ పిల్లలు డాబా మీద గాలిపటాలతోనే ఉంటారు. టోపీ అప్పటికి అందాలి. తల 20న్నర, అరంగుళం లూజు కలిపి 21. పైన గుండ్రటి బిళ్ళ చుట్టుకొలత అంతే ఉండాలి కాబట్టి 21ని 3.14తో భాగిస్తే అడ్డంకొలత సుమారు ఆరు పాయింట్ ఏడు అంగుళాలు. చుట్టూ కుట్టుకి అరంగుళం. పక్క పట్టీ మూడున్నర ఎత్తు, అంచు రెండున్నర వెడల్పు. అంచుకి బక్రమ్ బదులు పాత పంచె మూడు పొరలు పెట్టి దగ్గర దగ్గరగా గుండ్రటి వరసలు కుట్టాను. మెత్తగా ఉంటుంది, నిలబడుతుంది, ఉతికితే పాడవదు. గడ్డం కింద తాడు మాత్రం పెట్టలేదు.

తాడు సంగతి డాలస్‌లో ఉండే మా చెల్లెలు చెప్పింది. అక్కడ వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ కమిషన్ 1996లోనే పిల్లల పైబట్టల మీద మార్గదర్శకాలు ఇచ్చిందట. మెడ దగ్గర, బట్టకే కుట్టి ఉండే టోపీ దగ్గర బిగించే తాళ్ళు ఉండకూడదు. నడుం దగ్గర ఉంటే బట్ట పూర్తిగా చాపినప్పుడు బయటికి వేలాడే కొస మూడంగుళాలు దాటకూడదు. జారుడుబల్ల సందుల్లో, బస్సు తలుపుల్లో ఆ తాళ్ళు ఇరుక్కుని పిల్లలు చనిపోయారు. మన ఊళ్ళో జారుడుబల్లలు తక్కువేమో కానీ బండి చక్రాలు, గేటు కమ్మీలు లేని చోటేది? గోలీల సంచికి కూడా మెడలో వేసుకునే తాడు తీసేసి, చేత్తో పట్టుకునే పొట్టి పట్టీ పెట్టాను.

పుష్యం, పంచె

పెద్దవాళ్ళ పంచె వెడల్పు యాభై అంగుళాలు, పొడవు నాలుగు మీటర్లు, రెండు అంచులా బోర్డరు. దాన్ని నిలువునా రెండుగా చీల్చాను, ఒకటి 28 అంగుళాలు, ఇంకొకటి 22. ప్రతి దానికీ ఒక బోర్డరు వచ్చింది. నేత గట్టిగా ఉన్న నూలు బట్ట చిన్న గాటు పెట్టి లాగితే పోగు వెంటే తిన్నగా చిరుగుతుంది, కత్తెర కంటే నేరుగా వస్తుంది. కొత్త బట్ట చిరిగే చప్పుడుకి అత్తయ్యగారు వంటింట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చారు. “అయ్యో, కొత్త పంచె కదమ్మా!” అని, రెండు ముక్కలకీ అంచు ఉండటం చూశాక పక్కనే కూర్చుని కుచ్చిళ్ళు పట్టి ఇచ్చారు.

28 ముక్కలో రెండున్నర మీటర్లు పెద్దాడి పంచె, మిగిలిన ఒకటిన్నర మీటరు వాడి కండువా. 22 ముక్కలో రెండు మీటర్లు చిన్నాడి పంచె, మిగతా రెండు మీటర్లు వాడి కండువా, నిలువునా మడిచి కుట్టింది. ఒక్క పంచెలో ఇద్దరి జతలూ వచ్చాయి.

కట్టే పద్ధతినే కుట్టుగా మార్చాలి. బట్ట మధ్యభాగం వెనక నడుంకి ఆనించి, రెండు కొసలూ ముందుకు తెచ్చి, ఒక కొస కుచ్చిళ్ళు పెట్టి ముందు దోపుతాం. రెండో కొసని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్ళి గోచీ దోపుతాం. అవే మడతలు పట్టి, నడుం పట్టీకి కుట్టి, పట్టీలో ఎలాస్టిక్ ఎక్కించాను. రెడీమేడ్ పంచెల్లో కొన్నిటికి వెనక వెల్‌క్రో ఉంటుంది, అది పిల్లాడికి అందదు. గోచీ కూడా పట్టీకే కుట్టేస్తే మొత్తం నిక్కరులాగే కిందికి దిగుతుంది, పైకి వస్తుంది. కుచ్చిళ్ళు నడుం నుంచి మూడంగుళాలు మాత్రమే కుట్టి కింద వదిలేయాలి. పూర్తిగా కుడితే నడక పట్టేస్తుంది. అంచు చీలమండ పైకి అంగుళం ఉండేలా చూశాను, మెట్లెక్కేటప్పుడు కాలికింద పడకూడదు.

ఇలా కుడితే అది పంచె కాదనేవాళ్ళు ఉన్నారు. కట్టు తెలియకుండా పోతుందని మామయ్యగారికీ కొంచెం బెంగ. ఆ మాట నేను కాదనను. అందుకే ఆదివారం పూట ఆయన పెద్దాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని మామూలు తుండుతో కట్టు నేర్పుతున్నారు. కుట్టింది ఆటకి, నేర్చుకున్నది వేడుకకి.

కండువా భుజం మీద దానంతట అది నిలవదు, నిలిచేలా చేసినా లాగితే ఊడాలి. దీపాలు, అగరొత్తులు ఉండే చోట మెడ చుట్టూ వేలాడే బట్ట నాకు ఇష్టం లేదు. ఎడమ భుజం మీద ఒక ప్రెస్ బటన్ కుట్టాను. వేసి నొక్కితే ఉంటుంది, ఎక్కడైనా పట్టుకుని లాగితే టక్కున వదులుతుంది. పెరట్లో దండేనికి తగిలించి చూశాం, వెంటనే వదిలేసింది.

మాఘం, ఫంక్షన్ తర్వాత

పట్టుపంచె మేనమామే కట్టాడు. అక్షింతలు పడ్డాయి, ఫొటోలు అయ్యాయి, పీట మీద నుంచి లేవగానే పెద్దాడు నా చెవిలో “ఇప్పుడు మనది వేసుకోనా?” అన్నాడు. గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, నూలు పంచెతో ఒక్కడే బయటికి వచ్చాడు. భోజనాల వేళకి అన్నదమ్ములిద్దరూ వాటితోనే పందిరి గుంజ ఎక్కుతున్నారు. ఒక్క కుట్టూ కదల్లేదు. చిన్నాడు ఆ రోజంతా ఎవర్నీ పిలవకుండా బాత్రూమ్‌కి వెళ్ళి వచ్చాడు. వచ్చిన చుట్టాల్లో ఎవరూ గమనించని విషయమది, నాకైతే కళ్ళు చెమర్చాయి.

పప్పు మరకలు కుంకుడు రసంలో పోయాయి. పెద్దాడి లాల్చీ జేబు మీద గోరింటాకు మరక పోలేదు, దాని మీద కలంకారీ చేపబొమ్మ ఒకటి వేశాను. వాడికి అదే ఎక్కువ నచ్చింది.

పేపరు మీద గీసిన కోతలన్నీ కొలత, నెల రాసి ఒక కవర్లో పెట్టాను. మా ఆడపడుచు తన మూడేళ్ళ పిల్లాడి కోసం అడిగింది. నిక్కరు కోత ఇచ్చి, తల చుట్టూ కొలిచాకే మెడ కత్తిరించమని చెప్పాను. రథసప్తమి దాటింది, ఎండలు మొదలవుతున్నాయి. మామయ్యగారి పంచెల్లో ఇంకా రెండు మిగిలాయి. వాటితో ఇద్దరికీ చేతుల్లేని బనియన్లు కుట్టాలి, భుజం మీద కుట్టు లేకుండానే.